బడి కబురు బిడ్డ నోటి నుంచే రావాలి

ప్రాథమిక పాఠశాల దాటేలోపు పిల్లలకు అలవడవలసిన పాఠం ఒకటుంది. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. రేపు బడిలో ఏముందో తెలుసుకోవాలి, ఇంటికొచ్చి సరిగ్గా చెప్పాలి, దానికి కావలసినవి ముందురోజే సర్దుకోవాలి. ఈ మూడూ ఐదో తరగతిలోపు అలవాటైతే హైస్కూల్లో పిల్లలు తడబడరు. అలవాటు కాకపోతే, ఎన్ని మార్కులొచ్చినా ప్రతి పనికీ వెనక ఎవరో ఒకరు నిలబడాల్సిందే.

ఒకప్పుడు ఈ పాఠం దానంతటదే వచ్చేది. టీచరు గారు చెప్పిన మాట ఇంటికి చేరాలంటే పిల్లలే మోసుకురావాలి, వేరే దారి లేదు. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి హోంవర్కు, రేపటి యూనిఫాం, ఫీజు గడువు అన్నీ క్లాసు వాట్సాప్ గ్రూపులో అమ్మ ఫోనుకే వచ్చేస్తున్నాయి. పెద్దవాళ్లకు అది సుఖమే. తన బడి సంగతి తనకన్నా ముందే అమ్మకు తెలిసిపోతుంటే, పిల్ల టీచరు గారి మాట చెవిన పెట్టాల్సిన పనేముంది? వినడం, గుర్తుపెట్టుకోవడం, చెప్పడం అనే మూడు శక్తులకు రోజూ దొరకాల్సిన సాధన అలా పోతోంది.

ఆ సాధనను మళ్లీ పిల్లలకు అప్పగించడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. ఉదాహరణకు మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోని కాథలిక్ ప్రాథమిక పాఠశాలలను తీసుకుంటున్నాను. జనం ‘ఆర్.సి.ఎం. బడి’ అనో ‘సిస్టర్ల స్కూలు’ అనో పిలుచుకునే బళ్లివి. 1937లో బెజవాడ (విజయవాడ) కాథలిక్ మేత్రాసనం ఏర్పడింది. ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సభ గురువులు, ఆ తర్వాత మన గురువులు, సిస్టర్లు ఈ డెల్టాలో పట్నాల్లోనూ పల్లెల్లోనూ చదువు చెప్పారు. ఈ బళ్లనే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇక్కడ వారం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ప్రతి వారం ఏదో ఒక ప్రత్యేకమైన రోజు వస్తుంది. ముందుచూపు నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

వారం ఎలా నడుస్తుంది

బడి రోజు అసెంబ్లీతో మొదలవుతుంది. ప్రార్థన, పాట, వార్తలు, ఒక మంచి మాట, ప్రతిజ్ఞ, జాతీయగీతం. దేశమంతటా పిల్లలు చెప్పే ఆ ప్రతిజ్ఞను 1962లో రాసినవారు పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు, మన తెలుగువారే. చాలా బళ్లలో అసెంబ్లీ నడిపే వంతు ఒక్కో వారం ఒక్కో తరగతికి వస్తుంది. ఆ వారం ఎవరు వార్తలు చదవాలి, ఎవరు ప్రతిజ్ఞ చెప్పించాలి అన్నది ముందే పంచుతారు. వంతు వచ్చిందని పిల్ల ఇంట్లో చెబితే నాలుగు రోజులు సాధన చేసుకోవచ్చు. చెప్పడం మరిచిపోతే మైకు ముందు నిలబడి బిక్కమొహం వేస్తుంది.

వారం మధ్యలో తెల్ల యూనిఫాం రోజు, ఆటల పీరియడు, డ్రాయింగు, డిక్టేషను ఉంటాయి. కాథలిక్ పిల్లలకు సత్యోపదేశం చెప్పే గంటలో మిగతా పిల్లలకు మోరల్ సైన్స్ ఉంటుంది. నెలలో మొదటి శుక్రవారం యేసు తిరుహృదయానికి అంకితమైన రోజు కాబట్టి చర్చిలో పూజ ఉంటుంది. శనివారం క్విజ్, పాటలు, చేతిపనులు. ప్రభుత్వ బళ్లలో 2025–26 నుంచి శనివారాన్ని ‘నో బ్యాగ్ డే’ చేశారు. మీ బడిలో శనివారం పద్ధతి ఏమిటో పిల్లనే అడిగి తెలుసుకురమ్మనండి. మొదటి సాధన అదే కావచ్చు.

మూడు క్యాలెండర్లు, ఒకే గోడ

ఈ ప్రాంతపు కాథలిక్ బడి పిల్లల ఏడాదిని మూడు క్యాలెండర్లు నడుపుతాయి. వాటిని విడివిడిగా చూస్తే గందరగోళం. మూడింటినీ ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండరు మీదికి ఎక్కిస్తే తేలిక.

మొదటిది ప్రభుత్వానిది. మామూలుగా జూన్ 12న బడి తెరవడం, ఎఫ్.ఏ., ఎస్.ఏ. పరీక్షలు, మార్చి మధ్యలో ఒంటిపూట బడులు, ఏప్రిల్ 23 ప్రాంతంలో ఆఖరి పనిదినం. ఈ క్యాలెండరులో మిషనరీ బళ్లకు ఒక తేడా ఉంటుంది. వాటికి దసరా సెలవులు తక్కువగా, క్రిస్మస్ సెలవులు ఎక్కువగా ఇస్తుంటారు. అక్క ఒక బడిలో, తమ్ముడు ఇంకో బడిలో చదువుతుంటే ఇద్దరి సెలవులూ కలవవు. అమ్మమ్మ గారింటికి ప్రయాణం పెట్టుకునే ముందే రెండు బళ్ల సెలవులనూ పక్కపక్కన రాసి చూసుకోవాలి.

రెండోది చర్చిది. ఇందులో కొన్ని తేదీలు జాతీయ దినాలతో కలిసి వస్తాయి. ఆగస్టు 15న జెండా వందనంతోపాటు మరియమాత మోక్షారోపణ పండుగ ఉంటుంది. ఆ రోజు ఉపన్యాస పోటీకి పేరిచ్చిన పిల్లలు దూరం నుంచి విషయం తేవక్కర్లేదు. జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య గారు పుట్టింది బందరుకు దగ్గర్లోని భట్లపెనుమర్రులోనే. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం, మదర్ తెరిసా పండుగ కూడా. అక్టోబరు 2 గాంధీ జయంతి, కావలి దూతల పండుగ. అక్టోబరు అంతా జపమాల మాసం. నవంబరు 14 బాలల దినోత్సవం. డిసెంబరులో క్రిబ్, స్టార్, క్యారల్స్, నాటిక.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదలలో మరియమాత ఉత్సవాలు జరుగుతాయి. 1924లో ఫాదర్ అర్లాటి అక్కడ మరియమాత స్వరూపం నిలిపారు. డెల్టా ఊళ్ల వాళ్లకు ఈ ఉత్సవం పెద్ద తిరునాళ్ల. ఈస్టరు తేదీ మాత్రం ఏటా మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక తొలి ఆదివారం ఈస్టరు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. దానికి 46 రోజుల ముందు, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం. 2027లో అది ఫిబ్రవరి 10న, సరిగ్గా గుణదల ఉత్సవాల నడుమ వస్తోంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఈ లెక్క తామే వేసుకోగలరు. ఒకసారి వేయించి చూడండి, క్యాలెండరు మీద వాళ్లకు పుట్టే ఆసక్తి మీకే తెలుస్తుంది.

మూడోది పొలానిది. దీన్ని ఏ బడీ అచ్చు వేయదు. జులై, ఆగస్టుల్లో నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, ఆ వెంటనే మినుములు. నాట్ల రోజుల్లో తెల్లవారుజామునే అమ్మ పనికి వెళ్లిపోతుంది. కోతల రోజుల్లో నాన్న ఇంటికి ఎప్పుడొస్తాడో చెప్పలేం. చేపల చెరువుల మీద పనిచేసే వాళ్లకూ వేటకు వెళ్లే వాళ్లకూ వేళలే వేరు. ఆ వారాల్లో పేరెంట్స్ మీటింగ్ పడితే ఎవరు వెళ్లాలో ముందే అనుకోవాలి. తాతయ్య వెళ్లవచ్చు, పిన్ని వెళ్లవచ్చు. ఫలానా రోజు మేం రాలేం, మరో రోజు కలుస్తామని పిల్ల చేత చీటీ పంపితే క్లాసు టీచరు తప్పక అర్థం చేసుకుంటారు. మోపిదేవి మొక్కు, పెళ్లిళ్లు, రంజాన్, సంక్రాంతి కూడా ఈ గోడ మీదికే రావాలి. మొక్కు తీర్చుకునే రోజు పరీక్ష మీద పడకుండా చూసుకోవడం అప్పుడు పెద్ద పనేం కాదు.

ఆదివారం సాయంత్రం అరగంట

వారానికి ఒక్కసారి, ఆదివారం సాయంత్రం, ఇంట్లో ఒకరు పిల్లతో కూర్చోవాలి. పెన్ను పిల్ల చేతిలోనే ఉండాలి. మీరు నాలుగు ప్రశ్నలు అడగండి.

ఈ వారం బడిలో ఏముంది?
దానికి ఏం కావాలి?
ఎప్పటిలోగా కావాలి?
ఎవరి సాయం కావాలి?

మొదటి ప్రశ్నకు చాలామంది పిల్లలు జవాబు చెబుతారు. అసలైన ఎదుగుదల మూడో ప్రశ్నలో ఉంది. మూడో తరగతి పిల్ల, చదువు రాని అమ్మమ్మ కూర్చున్నారనుకోండి. శ్రావణమాసం, రోజూ ముసురు.

“అమ్మమ్మా, ఈ శుక్రవారం పూజ ఉంది. తెల్ల డ్రస్సు వేసుకోవాలి.”

“మరి ఎప్పుడు ఉతకమంటావు?”

“గురువారం.”

“ఈ వానకి ఒక్క పూటలో ఆరుతుందంటావా?”

పిల్ల కాసేపు ఆలోచించి, “అయితే మంగళవారమే ఉతుకుదాం. బుధవారం లోపల దండెం మీద ఆరేద్దాం” అంటుంది.

శుక్రవారం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ మంగళవారానికి రావడం ఆ పిల్లకు అప్పుడే వచ్చింది. పెద్దయ్యాక పరీక్షలకు చదివే ప్రణాళికైనా, ఇంటి ఖర్చుల లెక్కైనా ఈ పద్ధతిలోనే సాగాలి. అమ్మమ్మ జవాబు చెప్పలేదు, ప్రశ్న మాత్రమే వేసింది. ఈ పని చేయడానికి చదువు అక్కర్లేదు. నిజానికి ఇంట్లో చదవగలిగింది పిల్ల ఒక్కతే అయినప్పుడు, డైరీ చదివి వినిపించే బాధ్యతను ఆమె ఇంకా శ్రద్ధగా తీసుకుంటుంది. ఓపికగా వినేవాళ్లు ఒకరుంటే చాలు.

అరగంట అయ్యాక పిల్ల ఆ వారం పనులను ఒక కాగితం మీద రాసి తలుపు పక్కన అంటించాలి. తప్పులు రాసినా దిద్దకండి. ఆ కాగితం ఆమె పని చేసుకోవడానికి, దాని మీద మార్కులు వేయకూడదు.

తరగతిని బట్టి బరువు

బాధ్యత ఒక్కసారిగా నెత్తిన పెడితే పిల్లలు బెదురుతారు. మెట్టు మెట్టుగా ఇవ్వాలి.

ఒకటి, రెండు తరగతుల్లో: రోజుకు ఒక్క కబురు నోటితో చెబితే చాలు. క్యాలెండరు గడిలో పూజ రోజుకు శిలువ బొమ్మ, ఆటల రోజుకు బంతి బొమ్మ వేసుకోమనండి. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు. ఆ సాయంత్రాలను బడి కబుర్లు వినడానికి వాడుకోండి.

మూడో తరగతిలో: డైరీ తనే రాసుకోవాలి, బ్యాగు తనే సర్దుకోవాలి. అదే పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. ఇరవై కిలోల పిల్ల రెండు కిలోలే మోయాలి. రేపు ఏ పీరియడ్లున్నాయో తెలియని పిల్ల ఎందుకైనా మంచిదని పుస్తకాలన్నీ కుక్కుకుంటుంది. టైంటేబుల్ చూసి సర్దుకునే పిల్ల వీపు మీద బరువు దానంతటదే తగ్గుతుంది.

నాలుగో తరగతిలో: అర్థం కాని విషయాన్ని టీచరు గారిని తనే అడిగి రావాలి. “మేడమ్, శనివారం ప్రాజెక్టుకి చార్టు తేవాలా, తెల్ల కాగితం చాలా?” అనే ఒక్క ప్రశ్నను ఇంట్లో రెండుసార్లు అనిపించి పంపండి. భయస్తులైన పిల్లలకు ఇది చాలా పెద్ద మెట్టు. మొదట్లో రాసిచ్చిన చీటీ చూపించినా ఫరవాలేదు.

ఐదో తరగతిలో: నెల మొత్తం చూసుకోవాలి. ఒంటిపూట బడి మొదలయ్యే రోజు ఆటో నడిపే అన్నకు తనే చెప్పాలి. ఫీజు కట్టిన రసీదు తెచ్చి ఇవ్వాలి. యాన్యువల్ డేకి నృత్యంలో పేరిస్తే రిహార్సల్ రోజులను, ఎఫ్.ఏ. పరీక్షలను ఒకే కాగితం మీద రాసి, రెండూ ఎలా నెట్టుకొస్తుందో మీకు చెప్పాలి. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలకు మించి హోంవర్కు ఉండరాదని పాలసీ చెబుతోంది కాబట్టి, సరిగ్గా పంచుకుంటే రిహార్సల్‌కూ చదువుకూ చోటు ఉంటుంది.

మతం వేరైన ఇళ్లకు ఒక మాట

ఈ బళ్లలో హిందూ, ముస్లిం పిల్లలు చాలామంది చదువుతారు. పూజ రోజున మన పిల్ల ఏం చేయాలి అన్న సందేహం కొందరికి ఉంటుంది. రాజ్యాంగంలోని 28వ అధికరణం దీన్ని స్పష్టం చేసింది. ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న విద్యాసంస్థలో మతబోధనలోగానీ ఆరాధనలోగానీ పాల్గొనాలంటే ఆ విద్యార్థి అంగీకారం, మైనరైతే సంరక్షకుల అంగీకారం ఉండాలి. కాబట్టి మీ ఇష్టం ఏదైనా జూన్‌లోనే హెచ్.ఎం. సిస్టర్ గారిని కలిసి నిదానంగా చెప్పండి. ఆ నిర్ణయం పిల్లకు కూడా అర్థమయ్యే మాటల్లో చెప్పండి. లేకపోతే శుక్రవారం ఉదయం లైన్లో ఎటు వెళ్లాలో తెలియక తికమకపడేది ఆ చిన్నపిల్లే.

ఎదుటివాళ్ల పండుగ ఎందుకు చేస్తారో అడిగి తెలుసుకోమని కూడా ప్రోత్సహించండి. పక్క బెంచీ అమ్మాయి తపస్సు కాలంలో ఏం మానుకుందో, వెనక బెంచీ అబ్బాయి రంజాన్‌లో ఉపవాసం ఎలా ఉన్నాడో తెలిసిన పిల్ల, స్నేహితుల వారాన్ని కూడా తన వారంలో కలుపుకుంటుంది. “వాడు ఈరోజు ఉపవాసం, వాడి ముందు తినను” అని తనకు తానే అనుకున్న రోజున ఆ పిల్ల మర్యాద నేర్చినట్టు.

వాన, వరద, తుపాను రోజులు

మన దగ్గర ఏ ప్రణాళికైనా ఆకాశం వైపు చూసే వేసుకోవాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత ముందస్తు హెచ్చరికలు ఎంతో మెరుగుపడ్డాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చినప్పుడు బళ్లకు ముందే సెలవులిచ్చారు. నాగాయలంక అవతల ఎదురుమొండి దీవిలో ఉండేవాళ్లకు ఏరు పోటెత్తితే దాటించే పంటు ఆగిపోతుంది, బడి ఉన్నా లేకపోయినా ఒకటే.

వాట్సాప్ గ్రూపు అసలు అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే. కలెక్టరు గారి సెలవు ఉత్తర్వు, బస్సు ఆలస్యం, అకస్మాత్తుగా బడి వదలడం వంటివి పెద్దవాళ్లకు నేరుగా, వెంటనే తెలియాలి. మిగతా రోజుల్లో పిల్ల చెప్పాక, సరిచూసుకోవడానికి మాత్రమే ఫోను తెరవండి.

పిల్లలకు మూడు విషయాలు కంఠతా వచ్చి ఉండాలి. ఇంట్లో ఇద్దరి ఫోను నంబర్లు. బడి మధ్యలో వదిలితే ఎవరితో వెళ్లాలి. బందరు పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని విన్నా, ఊళ్లో ఎవరో సెలవన్నారని విన్నా, టీచరు గారో అమ్మానాన్నలో చెప్పేదాకా బడి గేటు దాటకూడదు. సెలవు వచ్చాక ఆదివారం రాసుకున్న కాగితం తీయించి, ఆగిన పనులు ఏ రోజుకు మారతాయో మళ్లీ రాయించండి. అనుకున్నది తప్పినప్పుడు దిగాలు పడకుండా మార్చుకోవడం కూడా ఈ పాఠంలో భాగమే.

మరిచిపోయిన రోజు

పిల్లలు మరిచిపోతారు. రంగు పెన్సిళ్లు ఇంట్లోనే ఉండిపోతాయి. ఆ వెంటనే బండి తీసి బడికి పరుగెత్తకండి. మందులు, అన్నం క్యారేజీ తప్ప మరేదీ వెనక పట్టుకెళ్లే పనిలేదు. ఈ పద్ధతి మొదలుపెట్టే ముందు క్లాసు టీచరును కలిసి, “మా పిల్లకు తనే గుర్తుపెట్టుకోవడం అలవాటు చేస్తున్నాం, మొదట్లో కొన్ని మరిచిపోవచ్చు” అని చెప్పండి. తెలిసిన టీచరు పిల్లను నలుగురిలో నిలబెట్టి మందలించరు, పక్కవాళ్ల దగ్గర అడిగి తీసుకోమంటారు.

సాయంత్రం “ఎన్నిసార్లు చెప్పాలి నీకు” అనే మాట నాలుక మీదికి రానివ్వకండి. కబురు ఎక్కడ జారిందో ఇద్దరూ కలిసి వెతకండి. జారే చోట్లు నాలుగే ఉంటాయి. క్లాసులో వినలేదు. విన్నది రాయలేదు. రాసింది ఇంట్లో చెప్పలేదు. చెప్పినా బ్యాగులో పెట్టలేదు. వినకపోతే ముందు బెంచీలో కూర్చోబెట్టమని అడగండి, చెవి, చూపు పరీక్ష చేయించండి. రాయకపోతే బోర్డు తుడిచేలోపు ముఖ్యమైన ఒక్క మాటైనా రాసుకోవడం నేర్పండి. చెప్పకపోతే అన్నం తినేటప్పుడు మీరే తీరుబడిగా అడగండి. సర్దకపోతే సర్దే వేళను పొద్దుటి నుంచి రాత్రికి మార్చండి. ఒక్కో రోగానికి ఒక్కో మందు. అన్నింటికీ కలిపి ఒక తిట్టు తిడితే ఏదీ నయం కాదు.

ఈ నెలలో మీరు చేయవలసినవి

మొదటి వారం: బడి ఇచ్చిన సెలవుల పట్టిక, పరీక్షల తేదీలు, చర్చి పండుగలు, మీ పనుల రోజులు ఒకే క్యాలెండరు మీద పిల్ల చేత రాయించండి. క్లాసు టీచరుతో మాట్లాడండి.

రెండో వారం: ఆదివారం అరగంట మొదలుపెట్టండి. నాలుగు ప్రశ్నలకు మించి అడగకండి.

మూడో వారం: పిల్ల చెప్పేదాకా వాట్సాప్ గ్రూపు చూడకండి. పిల్ల చెప్పినదానికి, గ్రూపులో ఉన్నదానికి తేడా వస్తే, “రేపు టీచరు గారిని అడిగి రా” అనండి.

నాలుగో వారం: రాబోయే వేడుకల్లో ఒకదాన్ని పిల్లకే ఒప్పజెప్పండి. బాలల దినోత్సవమో, క్రిస్మస్ నాటకమో, రిపబ్లిక్ డేనో ఏదైనా సరే, ఏం కావాలో, ఎంత ఖర్చవుతుందో, ఎవరు రావాలో తనే చెప్పాలి. మీరు డబ్బులిచ్చి, కార్యక్రమానికి వెళ్లి కూర్చుని చూడండి.

ఈ అలవాటు కుదురుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. మధ్యలో కోతలు వస్తాయి, జ్వరాలు వస్తాయి, రెండు ఆదివారాలు తప్పుతాయి. తప్పిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టండి. మీరు అడగకముందే మీ బిడ్డ వచ్చి, “నాన్నా, వచ్చే బుధవారం నా వంతు. ప్రతిజ్ఞ నేనే చెప్పించాలి. ఈ రాత్రి ఒకసారి వింటావా?” అని అడిగితే ఈ పాఠం వంటబట్టినట్టే. ఆ రాత్రి ఎంత అలసిపోయి ఉన్నా సరే, కూర్చుని వినండి.